పాత కథ, కొత్త సినిమా, చేతిలో కాస్త డబ్బు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి. చిన్నప్పుడు విన్న జానపద కథను ఈ కాలంలోకి తెచ్చి, నిర్మాత అండ లేకుండా, సొంత డబ్బుతోనో స్నేహితుల డబ్బుతోనో సినిమా తీయడం ఎలాగని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఉత్తరాలు పెద్దవి, కొంచెం కుదించాను.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. బాలనాగమ్మ కథను ఇప్పటి కాలానికి మార్చి స్క్రిప్టు రాసుకున్నాం. మా వైపు నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మా బాలనాగమ్మ అలా వెళ్లి చిక్కుకుపోతుంది. మాయల ఫకీరు అంటే వీసా ఏజెంటు. కొడుకు బాలవర్ధి పెద్దవాడై తల్లిని తెచ్చుకుంటాడు. చదివినవాళ్లంతా "కథ ముందే తెలిసిపోతోంది, సస్పెన్స్ లేదు" అంటున్నారు. ఏజెంటు వెనకాల అసలు భర్తే ఉన్నాడని చివర్లో ట్విస్టు పెడదామనుకుంటున్నాం. పెట్టమంటారా? (రాయచోటి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దండీ, ఆ ట్విస్టు పెట్టకండి. బుర్రకథ వినడానికి రాత్రంతా నేల మీద కూర్చున్న జనానికి బాలనాగమ్మ చివరికి ఇల్లు చేరుతుందని తెలియకనా కూర్చున్నారు? కథ తెలిసినవాళ్లే ముందు వరసలో కూర్చునేవాళ్లు. కొడుకు ఫలానా చోటికి వచ్చేసరికి కథకుడు ఎలా చెబుతాడా అని ఎదురుచూసేవాళ్లు. మీ కథ ప్రేక్షకుడికి సగం తెలుసంటే, పరిచయాలకూ వివరణలకూ పెట్టాల్సిన సమయం, డబ్బు రెండూ మిగిలాయన్నమాట. మీలాంటి చిన్న టీముకు అంతకంటే ఏం కావాలి?

మీ స్క్రిప్టులో నాకు కనిపించిన అసలు ఇబ్బంది వేరే. కథలోని మాయనంతా తీసేశారు. గ్రాఫిక్స్‌కు డబ్బు లేదు కదా అని కుక్కగా మారడం, రాయిగా మారడం, ఫకీరు ప్రాణం దాచుకున్న చిలక, అన్నీ కొట్టేశారు. మిగిలిందేమిటంటే ఒక ఏజెంటు మోసం, ఒక ఏడుపు. అది పేపర్లో వార్తగా రోజూ చదువుతూనే ఉన్నాం. బాలనాగమ్మ పేరు దానికెందుకు?

మాయ ఉండాలి. అయితే ఆ మాయ కథలో ఏ పని చేస్తోందో చూసి, ఆ పనిని మీకు అందుబాటులో ఉన్నదానితో చేయించాలి. కుక్క సంగతే చూడండి. భిక్షకని వచ్చిన ఫకీరు ఆమెను కుక్కను చేసి వెంటబెట్టుకుపోతాడు. రాణికి పేరు పోయింది, మాట పోయింది, పిలిస్తే వెనక నడవడం ఒక్కటే మిగిలింది. మీ సినిమాలో ఆమె కువైట్ ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఆ ఇంటావిడ ఆమెను ఇంతకుముందు పనిచేసి వెళ్లిపోయినామె పేరుతో పిలుస్తుంది. ఈమె తన పేరు చెబుతుంది. మళ్లీ అదే పిలుపు. మళ్లీ చెబుతుంది. మధ్యాహ్నానికి చేతిలో పళ్లెం పట్టుకుని ఉండగా లోపలి నుంచి ఆ పాత పేరే వినిపిస్తే, "ఆ, వస్తున్నా" అంటూ వెళ్లిపోతుంది. కెమెరా వంటగదిలోనే ఉండాలి, ఆమె వెళ్లిన తలుపు వైపు. అంతే, కుక్క అయిపోయింది. ఒక వంటిల్లు, ఇద్దరు నటులు, ఒక పూట షూటింగ్.

అలాగే భర్త. కార్యవర్ధిరాజు భార్యను వెతుక్కుంటూ వెళ్లి రాయైపోతాడు. మీరు అతన్ని తాగుబోతును చేశారు, అలాంటి భర్తలను మన సినిమాల్లో లెక్కలేనంతమందిని చూశాం. అతను మంచివాడే అనుకోండి. ఏజెంటు ఇంటికి వెళ్తాడు, స్టేషన్‌కు వెళ్తాడు, కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లి అర్జీ ఇస్తాడు. వెళ్లిన ప్రతిచోటా కూర్చోమంటారు, కూర్చుంటాడు. అలా కూర్చుని కూర్చుని ఒకరోజు ఇంటి అరుగు మీద కూడా కదలకుండా ఉంటాడు, పక్కన పిల్లాడు అన్నం పెట్టమని చొక్కా లాగుతున్నా కదలడు. రాయైపోయాడని మీరు చెప్పనక్కర్లేదు, మన జనానికి ఆ మాట నోటి చివరే ఉంటుంది.

ఇక నోము సంగతి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, మీరు దీన్ని ముట్టుకోనే లేదు. ఫకీరు చెరలో పడ్డాక బాలనాగమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. నోము పట్టాను, అది తీరేదాకా నన్ను తాకకూడదు అని ఏళ్ల తరబడి గడువు సంపాదించింది. అంత మాయలమారిని మాటతో ఆపింది. మీ స్క్రిప్టు రెండో సగంలో ఆమెకు ఏడుపు తప్ప పని లేదు. ఆమె చేతికి ఆ తెలివి తిరిగివ్వండి. రెండేళ్ల ఒప్పందం అయ్యాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆమె పెట్టనని అనదు, ఇవాళ శుక్రవారమనో, రంజాన్ నెల వెళ్లనివ్వండనో, కొడుకుతో ఒక్కసారి మాట్లాడాక పెడతాననో, ఏదో ఒకటి చెబుతూ నెట్టుకొస్తుంది. ఎప్పుడు పెట్టేస్తుందోనన్న టెన్షన్ మీ సినిమాను మోస్తుంది.

కొన్ని వాస్తవాలు సరిచూసుకోండి, ఎందుకంటే మీ ఊళ్లో ఈ సినిమా చూసేవాళ్లకు ఇవన్నీ మీకంటే బాగా తెలుసు. ఈసీఆర్ పాస్‌పోర్టు (ఉద్యోగానికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) మీద ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే మన ప్రభుత్వ నిబంధన ప్రకారం ఆడవాళ్లకు కనీసం 30 ఏళ్లు నిండాలి. మీ కథానాయికకు 22 ఏళ్లని రాశారు. అయితే వయసు 30కి మార్చండి, లేదంటే ఏజెంటు వయసు దొంగలెక్క వేయించాడని చూపించండి. రెండోదే కథకు బలం, ఎందుకంటే కాగితాల మీద కూడా ఆమె ఇంకెవరో అయిపోయింది. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు కొన్ని హక్కులిచ్చింది, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. కాబట్టి అక్కడ చట్టమే లేదన్నట్టు రాయకండి. చట్టం ఉంది, ఆమె ఉన్న గది దాకా అది రాలేదు, అదే కదా కథ.

ఇంకొక్కటి, ఇది గట్టిగానే చెబుతున్నాను. విలన్‌ను ఫకీరుగా ఉంచకండి. పాత కథలో ఉంది కదా అంటారేమో, 1942లో జెమినీ వాళ్లు సి.పుల్లయ్య గారి దర్శకత్వంలో బాలనాగమ్మ తీసినప్పుడే ఆ పాత్రను మాయల మరాఠీ అన్నారు, గోవిందరాజుల సుబ్బారావు గారు వేశారు. అంటే విలన్ ఫలానావాడే అయి తీరాలన్న పట్టింపు కథకు ఎప్పుడూ లేదు. నిజ జీవితంలో ఏజెంటు ఎవరు? ఎక్కువసార్లు పక్క వీధివాడు, దూరపు చుట్టం, "నీ కూతురు నా కూతురు కాదా" అన్నవాడు. అతనికి మతం గుర్తు తగిలించి జనం భయాన్ని తేలిగ్గా కొనుక్కోవద్దు. సొంతవాడు అయితేనే ఎక్కువ భయమేస్తుంది.

ప్రశ్న: మేమూ చిలకలో ప్రాణం ఉన్న రాక్షసుడి కథనే తీస్తున్నాం. నిజం రామచిలుకను పెంచేవాళ్లు మాకు తెలుసు, దాంతో తీసేయొచ్చా? లేకపోతే ఏఐతో చిలకను చేయించాలా? కొందరు చిలక బదులు పాస్‌వర్డ్ పెట్టండి అంటున్నారు. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజం రామచిలుక జోలికి వెళ్లొద్దు. మన రామచిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో పెంచుతున్నవాళ్లు చాలామంది ఉండొచ్చు, అది సినిమాలో కనబడితే మీతోపాటు వాళ్లూ ఇరుక్కుంటారు. పైగా సినిమాలో ఏ జంతువును వాడినా, పక్షిని వాడినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి, ఆ కాగితం లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతారు. ఎడ్లబండి ఊరికే అలా వెళ్లే షాట్‌కూ ఇది వర్తిస్తుంది, చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

పాస్‌వర్డ్, సర్వర్, పెన్‌డ్రైవ్, వీటి జోలికీ పోవద్దని నా సలహా. చిలకలో ప్రాణం అనేది ఎందుకంత భయపెడుతుందో ఆలోచించండి. వాడి బలం వాడి ఒంట్లో లేదు. ఎక్కడో చిన్న ప్రాణిలో, ఎవరూ అనుమానించని చోట దాచాడు. కాలు విరిస్తే వాడి కాలు విరుగుతుంది. పైగా చిలక ఏం చేస్తుంది? విన్నమాటనే మళ్లీ పలుకుతుంది.

పై ఉత్తరం రాసిన రాయచోటి వాళ్లకు కూడా ఇది పనికొస్తుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ఊళ్లో ఏజెంటు బలం అతని పరపతి. గుడికి చందా ఇస్తాడు, పెళ్లిళ్లలో ముందు వరసలో ఉంటాడు. అతను బాలనాగమ్మకు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఆమె ఫోన్ నుంచి కొడుకు ఫోన్‌కు చేరాయనుకోండి. "సంతకం పెట్టకపోతే నీ కొడుకు ఏమవుతాడో చూసుకో" అని అతని గొంతే, అతని నవ్వే. కొడుకు మొదటిది అప్పులిచ్చినవాళ్ల ముందు వినిపిస్తాడు, ఒక కాలు పోయింది. రెండోది గుడి కమిటీ ముందు, చెయ్యి పోయింది. మూడోది అతని ఇంటి వాకిట్లో, అతని కూతురు వింటుండగా. చిలక మెడ ఎక్కడ విరిగిందో ప్రేక్షకుడే అనుకుంటాడు. నా మనసులో ఈ సన్నివేశానికి ఒక్క సంగీతపు ముక్క కూడా లేదు, ఆ ఫోన్ స్పీకర్లోంచి వచ్చే గరగర గొంతు చాలు.

ఏఐ బొమ్మల గురించి: ఖర్చు తక్కువే, కానీ మిగతా సినిమా అంతా నిజం మనుషులు, నిజం ఇళ్లు ఉండి మధ్యలో ఆ నున్నటి చిలక వస్తే చూసేవాళ్లు కథలోంచి బయటికొచ్చేస్తారు. మీ దగ్గర లేనిదాన్ని చూపించడం కంటే వినిపించడం మేలు.

ప్రశ్న: జానపద కథకు హక్కులు ఎవరి దగ్గర కొనాలి? పాత సినిమా తీసిన సంస్థ కేసు వేస్తుందా? (ఖమ్మం)

జవాబు: జానపద కథ ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ కథను ఒక రచయిత తన మాటల్లో రాస్తే ఆ రాతకు హక్కు ఉంటుంది, మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. సినిమాకైతే విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. కాబట్టి పాత సినిమాలో కొత్తగా కల్పించిన హాస్యపాత్రను, ఒక డైలాగును, పాట పల్లవిని తీసుకోవద్దు. పాటల సంగతి మరీ జాగ్రత్త, సాహిత్యానికీ సంగీతానికీ లెక్కలు వేరువేరుగా ఉంటాయి. కథ మూలానికి వెళ్లండి, ఊళ్లో పెద్దవాళ్లు చెబితే రికార్డు చేసుకోండి, అచ్చయిన రెండు మూడు పాఠాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. అన్నిట్లోనూ ఉన్నది జనం సొత్తు, ఒక్కదాంట్లోనే ఉన్నది ఆ రచయిత సొత్తు అయివుండొచ్చు, అది వదిలేయండి.

ఈ పని హక్కుల కోసమే కాదు, కథ కోసమూ చేయాలి. 1868లో మేరీ ఫ్రెరే అనే ఆవిడ 'ఓల్డ్ డెక్కన్ డేస్' పేరుతో కథల పుస్తకం వేసింది. ఆమె తండ్రి అప్పటికి కొంతకాలం ముందు దాకా బొంబాయి గవర్నరు. ఆ కథలు చెప్పింది వాళ్ల దగ్గర ఆయాగా ఉన్న అన్నా లిబరేటా డిసౌజా. అందులో మొదటి కథ పంచ్‌కిన్. ఒక రాజుకు ఏడుగురు కూతుళ్లు, చిన్నదాని పేరు బాల్నా. మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వెళ్లిన భర్త రాయైపోతాడు, కొడుకు పెద్దవాడై తోటమాలి భార్య ఇంట్లో తలదాచుకుని తల్లిని కలుసుకుంటాడు, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది. మన బాలనాగమ్మకు తోబుట్టువు కాదూ! మన కథలోనూ కొడుకు పూలమ్మే ముసలమ్మ మనవడినని చెప్పుకునే కదా లోపలికి పోతాడు. ఇన్నిచోట్ల తిరిగినా ఆ పూలావిడ పాత్ర పోలేదంటే దానికి బలం ఉందనే. మీ సినిమాలో కూడా లోపలికీ బయటికీ తిరిగే ఒక ఆడమనిషి ఉండాలి, పక్కింట్లో వంటచేసే తెలుగావిడో, బ్యూటీ పార్లర్ నుంచి ఇళ్లకొచ్చే అమ్మాయో.

టైటిల్ మాత్రం ముందే ఫిల్మ్ ఛాంబర్లో చూసుకోండి. కథ అందరిదీ అయినా టైటిల్ రిజిస్టర్ చేసుకున్నవాళ్లది.

ప్రశ్న: మా దగ్గర ఉన్నది మొత్తం ఎనిమిది లక్షలు. సగం పెట్టి మంచి కెమెరా, లెన్సులు అద్దెకు తీసుకుందామని మా కెమెరామన్ అంటున్నాడు. సౌండ్ తర్వాత డబ్బింగ్‌లో చూసుకోవచ్చు అంటున్నాడు. సరేనా? (హైదరాబాద్)

జవాబు: సరికాదు. ముందు సౌండ్, తర్వాతే కెమెరా.

మీరు పెట్టుకునేది కొత్తవాళ్లను, కొందరు అసలు నటులే కాదు. వాళ్లు షూటింగ్ రోజు ఆ చోట, ఆ మనిషి మొహం చూస్తూ చెప్పిన మాటలో ప్రాణం ఉంటుంది. మూడు నెలలయ్యాక డబ్బింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెర మీద తమ పెదవులు చూసుకుంటూ మళ్లీ చెప్పమంటే పెద్ద పెద్ద నటులకే కష్టం, మీ పక్కింటి ఆంటీకి ఎలా వస్తుంది? మాట చదివినట్టు వస్తుంది. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ ఒక్క గొంతు సినిమాను చిన్నపిల్లల నాటకం చేసేస్తుంది. కాబట్టి సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడం. దానికి అనుభవమున్న రికార్డిస్టును పెట్టుకోండి, అతనితో బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు) పట్టే మనిషి, నాలుగు లేపల్ మైకులు (బట్టలకు తగిలించే చిన్నవి). లొకేషన్ చూడటానికి వెళ్లేటప్పుడు కెమెరామన్‌తో పాటు సౌండ్ మనిషినీ తీసుకెళ్లండి. ఎదురుగా వెల్డింగ్ షాపుందా, మేడ మీద బోరు మోటారు ఎప్పుడు వేస్తారు, మధ్యాహ్నం కూరగాయల బండి మైకు వస్తుందా, ఇవన్నీ ఆయనకే వినబడతాయి. ప్రతి లొకేషన్లో పని అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేయించండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనిపించకుండా కాపాడేది అదే.

జానపద కథ తీసేవాళ్లకు ఇంకో కారణం ఉంది. కథ చెప్పేవాడికి సెట్లెక్కడివి? ఒక తంబుర, రెండు డక్కీలు, గొంతు. వాటితోనే ఏడు సముద్రాలు దాటించాడు. మీ బడ్జెట్ ఆయన బడ్జెట్‌కు దగ్గరగా ఉంది, స్టూడియో సినిమాకు కాదు, కాబట్టి ఆయన దగ్గరే నేర్చుకోండి. పరాయి దేశంలో ఒక ఇల్లు అనుకుందాం. మీకు ఉన్నది కొండాపూర్‌లో ఒక ఫ్లాటు. కిటికీకి తెర వేసేయండి. ఏసీ ఆగకుండా మోగే మోత, పక్కగదిలో పిల్లాడి ట్యాబ్‌లో అరబ్బీ కార్టూను, వాషింగ్ మెషీన్ తిరిగి తిరిగి చివర్లో కొట్టే పీప్ పీప్, ఎక్కడో దూరంగా అజాన్, ఈమె గదిలో దుప్పటి కింద ఫోన్‌లో తగ్గించి పెట్టుకున్న కొడుకు గొంతు. అంతే, కువైట్ వచ్చేసింది. విమానాశ్రయం షాట్ కోసం అనుమతులకు పరుగులు పెట్టకండి, కారు వెనక సీట్లో ఆమె ఒళ్లో పెట్టుకున్న సంచి చూపించి పైన విమానం మోత వేయండి.

ఎనిమిది లక్షల్లో మూడో వంతు షూటింగ్ మొదలయ్యే రోజే వేరే అకౌంటులో వేసేయండి, ఆ కార్డు సెట్‌కు రాని మనిషి దగ్గర ఉండాలి. అది ఎడిటింగ్‌కు, సౌండ్ మిక్సింగ్‌కు, డీఐకి (బొమ్మ రంగులు సరిదిద్దే పని), సెన్సార్‌కు. మన చిన్న సినిమాలు ఎక్కువగా ఆగిపోయేది షూటింగ్‌లో కాదు, ఆ తర్వాత. హార్డ్ డిస్కులు రెండు సెట్లు కొనండి, రెండూ ఒకే బ్యాగులో పెట్టకండి. భోజనం దగ్గర పొదుపు చేయొద్దు. బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు) తక్కువిచ్చి అన్నం కూడా సరిగ్గా పెట్టకపోతే మూడో రోజుకు సెట్లో మనుషులుండరు.

కెమెరా? స్నేహితుల దగ్గర ఉన్న మిర్రర్‌లెస్ చాలు. వెలుతురు బాగున్న ఇల్లు వెతకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా పిల్లలకు ఏడు చేపల కథ చెబుతుంటే దీన్ని షార్ట్ ఫిల్మ్‌గా తీద్దామనిపించింది. కానీ దాంట్లో కథేముంది, చిన్నపిల్లల మాటలు తప్ప అంటున్నారు మా వారు. (టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీకు అనిపించింది నిజం. ఖర్చు లేకుండా తీయడానికి మన భాషలో అంతకంటే మంచి కథ నాకు కనబడదు.

చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవును గొల్లవాడు మేపలేదు, గొల్లవాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ పెట్టకపోవడానికి పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఒక్కరూ తప్పు తనదని ఒప్పుకోరు, ప్రతివాళ్లూ చెయ్యి పక్కవాడి వైపు చూపిస్తారు. చీమ ఒక్కటే తన పని తాను చేశానని తలెత్తి చెబుతుంది. ఏ ఆఫీసులో జరగడం లేదండీ ఇది?

తీయడానికి ఎంత వీలో చూడండి. ఒక్కో లింకుకు ఒక్క నటుడు, ఒక్క చోటు. నటులు ఒకరినొకరు కలుసుకోనక్కర్లేదు, ఫోన్లోనే నడిపించొచ్చు. మీరు డాలస్‌లో ఉంటూ ఒక లింకు తీయొచ్చు, మీ తమ్ముడు గుంటూరులో ఇంకోటి తీయొచ్చు. ఉదాహరణకు, ఒక ముసలమ్మకు రేషన్ బియ్యం రాలేదు, యంత్రం మీద వేలిముద్ర పడటం లేదు. డీలరు సర్వర్ అంటాడు, సర్వర్ వాళ్లు ఆధార్ అంటారు, ఆధార్ సెంటర్లో అప్‌డేట్ చేయించుకోలేదంటారు, అప్‌డేట్‌కు తీసుకెళ్లాల్సిన కొడుకు అమెరికాలో మీటింగులో ఉంటాడు. వెనక్కి వెనక్కి వెళ్తే చివర ఆ అరిగిపోయిన వేలే ఉంటుంది, ఏళ్ల తరబడి మిరపకాయలు ఏరిన వేలు. ఈ కథే తీయమని కాదు, మీకు దగ్గరగా ఉన్నది వెతుక్కోండి. కాకపోతే ప్రశ్నా జవాబుల లయ మాత్రం చెడగొట్టకండి. "ఎందుకు ఎండలేదు" అన్న అడుగు ప్రతిసారీ ఒకేలా పడాలి, కెమెరా కూడా ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉండాలి, అప్పుడే చివర చీమ దగ్గర అది మారితే గుచ్చుకుంటుంది. పది పన్నెండు నిమిషాలు దాటనివ్వద్దు.

ప్రశ్న: మా సినిమాలో ఒగ్గు కళాకారులతో కథ చెప్పించాలనుకుంటున్నాం. ఒక్కరోజు పిలిచి పాడించుకుని బిట్లు బిట్లుగా వాడుకుంటే సరిపోతుందా? పారితోషికం ఎంతివ్వాలి? (సిరిసిల్ల)

జవాబు: మీ జిల్లా హన్మాజీపేట ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు గారి ఊరు, ఒగ్గుకథ విలువ మీకు నేను చెప్పేదేముంది. అందుకే కొంచెం కటువుగా చెబుతాను, బిట్లు బిట్లుగా వాడుకోవద్దు. డోలు చప్పుడు రెండు సెకన్లు, పట్నం ముగ్గు మీద ఒక డ్రోన్ షాట్, ఇది అలంకారం కింద పోతుంది, వాళ్లకూ మర్యాద కాదు.

వాళ్లకు స్క్రిప్టు చెప్పండి. అంతా చెప్పాక, మీరైతే ఈ కథ ఎలా చెబుతారని అడగండి. మీ కథలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ జనాన్ని నవ్వించాలో వాళ్లకు మీకంటే బాగా తెలుసు. పాత కథను ఈ కాలానికి మార్చడం వాళ్లకు కొత్తేమీ కాదు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఒకరైతే, రెండో వంత పనే రాజకీయం, కథ మధ్యలో ఆగి నిన్నటి ధరల గురించో, ఊరి పెత్తందారు గురించో మాట్లాడేవాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ కళాకారుడు నాజర్ గారు ఆ పద్ధతినే జనం పోరాటాలకు వాడారు. మీరు ఇప్పుడు చేస్తున్నానంటున్న పని వాళ్లు తరాలుగా చేస్తున్నారు. 2023లో వచ్చిన బలగం సినిమా చివర బుడగ జంగాల పాటను కత్తిరించకుండా నిండుగా ఉంచారు కాబట్టే ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని చూసి ఏడ్చాయి.

డబ్బు సంగతి. మీ సినిమాలో ముఖ్య నటుడికి రోజుకు ఎంతిస్తున్నారో బృందంలో ప్రతి ఒక్కరికీ అంత ఇవ్వండి, తక్కువ కాదు. కాగితం రాసుకోండి, తెలుగులో, వాళ్లకు చదివి వినిపించి. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని ఉంది, ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు. సినిమాలో వాడటానికి, యూట్యూబ్‌లో విడిగా పాటగా పెట్టడానికి వేరువేరుగా అనుమతి అడగండి, పాటగా పెడితే వచ్చే ఆదాయంలో వాటా రాయండి. పేర్లు చివర వేగంగా పోయే అక్షరాల్లో కాదు, మొదటి టైటిల్స్‌లో, వాళ్ల ఊరి పేరుతో సహా.

ప్రశ్న: పాటలు, ఫైట్లు లేకపోతే మన జనం చూడరు, కనీసం ఒక ఐటెం పాటైనా పెట్టమంటున్నారు డబ్బు పెడతానన్న మావయ్య. ఏం చేయాలి? (విజయనగరం)

జవాబు: ఆ పాటకయ్యే ఖర్చెంతో కాగితం మీద రాసి మీ మావయ్య ముందు పెట్టండి. డాన్స్ మాస్టరు, గ్రూపు డాన్సర్లు, బట్టలు, లైట్లు, జనరేటరు, రెండు రాత్రులు. మిగతా సినిమా ఎన్ని రోజులు తీయొచ్చో పక్కనే రాయండి. ఆయన వ్యాపారస్థుడైతే ఆయనే వద్దంటాడు.

ప్రశ్న: సినిమా పూర్తయింది. గంటా నలభై నిమిషాలు. ముందు యూట్యూబ్‌లో పెట్టి పేరు తెచ్చుకుని తర్వాత ఫెస్టివల్స్‌కు పంపాలా? సెన్సార్ అవసరమా? (తిరుపతి)

జవాబు: యూట్యూబ్ చివర. ఒకసారి నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాక పేరున్న ఫెస్టివల్స్ చాలావరకు తీసుకోవు, ఓటీటీ వాళ్లూ ఆసక్తి చూపరు. ట్రైలర్ పెట్టుకోండి, సినిమా వద్దు. పంపేటప్పుడు పాస్‌వర్డ్ ఉన్న ప్రైవేటు లింకు పంపండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మీద శ్రద్ధ పెట్టండి, తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చి, మీ సినిమా ఇంతకుముందు చూడని మనిషితో చదివించండి. సామెతల దగ్గర, వరసల దగ్గర తేడా వస్తే బయటివాళ్లకు సీను సీనే అర్థం కాదు. గోవాలో ఏటా నవంబరులో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) నడిపే ఫిల్మ్ బజార్‌కు (ఇప్పుడు పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్) పూర్తికాని సినిమాలను కూడా పంపొచ్చు, మీది అయిపోయింది కాబట్టి కొనేవాళ్లను కలవడానికి వెళ్లండి.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే ఇ-సినీప్రమాణ్‌లో. 2024 నిబంధనల నుంచి యూఏలో (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగ్గ సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని మూడు రకాలు వచ్చాయి, మీరేది ఆశిస్తున్నారో ముందే అనుకుంటే కత్తిరింపుల దగ్గర మాట్లాడుకోవచ్చు. తాగే, పొగతాగే సీన్లుంటే హెచ్చరికలు వేశారో లేదో చూసుకోండి. కత్తిరింపులు నచ్చకపోతే ముందు రివైజింగ్ కమిటీకి వెళ్లొచ్చు. ఆ పైన ఒకప్పుడున్న అప్పీలు ట్రిబ్యునల్‌ను 2021లో తీసేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టే, చిన్న సినిమాకు ఆ ఖర్చు భారం.

ఇవన్నీ నడుస్తుండగానే మీరు షూటింగ్ చేసిన ఊళ్లో ఒక రాత్రి తెర కట్టి వేయండి. సర్టిఫికెట్ వచ్చాకే వేయండి, పంచాయతీకి చెప్పి, టికెట్ లేకుండా. వెనక వరసలో నిలబడి జనం ఎక్కడ ఫోన్ తీస్తున్నారో రాసుకోండి. ఆ నిమిషాలు ఫెస్టివల్ కాపీలో ఇంకా మార్చుకోవచ్చు. కానీ మార్చిన కాపీని మళ్లీ థియేటర్లో వేయాలంటే ఆ మార్పులను సెన్సార్‌కు చెప్పి ఎండార్స్ చేయించుకోవాలి, అది మర్చిపోకండి.